నర్స్ అనస్థటిస్ట్ చేయించాలంటే ఏ కోర్సుల చేర్పించాలె?

భూపాలపల్లి నుంచి ఒక అన్న రాసిండు, సింగరేణిల పని. బిడ్డది ఇంటర్ బైపీసీ అయిపోయింది, నీట్ రెండోసారి రాసినా సీటొచ్చే మార్కులు రాలే. అమెరికాల నర్స్ అనస్థటిస్ట్‌కు, అంటే ఆపరేషన్లప్పుడు మత్తు ఇచ్చే నర్సుకు, ఏడాదికి కోటిన్నర పైనే జీతమని యూట్యూబ్‌ల చూసిండట. "దీనికి బీఎస్సీ నర్సింగ్ మంచిదా, బీఎస్సీ అనస్థీషియా టెక్నాలజీ మంచిదా? హన్మకొండల ఒక కన్సల్టెన్సీ వాళ్ళు మొత్తం ప్యాకేజీ రెండు లక్షలు అంటున్నరు, కట్టమంటరా?" అని అడిగిండు.

అన్నా, రిజల్ట్స్ వచ్చిన ప్రతిసారి ఇట్లాంటి మెసేజ్‌లు నాకు వస్తనే ఉంటయి, కోర్సు పేరు మారుతది గానీ లోపలి బుగులు ఒక్కటే. ముందు డబ్బుల మాట: కట్టకుండ్రి. ఇంటర్ అయిన పిల్లకు ఆ దారిల ఎవ్వరూ అమ్మగలిగే ప్యాకేజీ లేదు.

జీతం మాట అబద్ధం కాదు, అక్కడ రెండు లక్షల డాలర్లు దాటుతది. కానీ వీడియోల దారి చెప్పరు కదా, నేను చెప్తా. ఆ నర్సును అక్కడ సీఆర్ఎన్ఏ (సర్టిఫైడ్ రిజిస్టర్డ్ నర్స్ అనస్థటిస్ట్) అంటరు. ముందు రిజిస్టర్డ్ నర్సు కావాలె, అమెరికా లైసెన్స్ ఉండాలె, తర్వాత ఐసీయూల కనీసం ఒక ఏడాది ఫుల్ టైమ్ చేయాలె, అది కూడా అమెరికా ఐసీయూలనే, మన హాస్పిటల్ల చేసింది ఈ లెక్కల రాదు. ఆ తర్వాత అనస్థీషియా ప్రోగ్రాం, 2022 నుంచి కొత్తగా చేరేటోళ్ళందరికీ అది డాక్టరేటే, మూడేళ్ళు, అందుల కనీసం రెండువేల గంటలు హాస్పిటల్ల పేషెంట్ల దగ్గర పని, అంత బిజీల ఉద్యోగం చేసుకుంట చదువుడు దాదాపు కుదరదు. అది అయినంక నేషనల్ సర్టిఫికేషన్ ఎగ్జామ్, పాసైనా ఆ సర్టిఫికెట్‌ను ఎప్పటికప్పుడు నిలబెట్టుకోవాలె. ఇంక వీసా. మనోళ్ళకు నర్సుల గ్రీన్‌కార్డ్ లైన్ ఇప్పటి లెక్కల పదేళ్ళు దాటి ఉన్నది. పద్దెనిమిదేళ్ళ పిల్ల ఇవ్వాళ మొదలు పెడితే ఏ వయసుకు చేరుతదో మీరే లెక్క కట్టుండ్రి.

వాళ్ళ దగ్గర నర్సులు మత్తు ఇచ్చుడు నిన్న మొన్నటిది కాదు. మేయో క్లినిక్‌ల ఆలిస్ మగా అనే నర్సు 1906లనే పద్నాలుగు వేలకు పైగా కేసుల లెక్క రాసి పెట్టింది, మత్తు వల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదని. సీఆర్ఎన్ఏ అనే పేరు 1956 నుంచి ఉన్నది. ఇప్పుడు కూడా డాక్టర్ పర్యవేక్షణ ఉండాలా వద్దా అన్నది ఒక్కో రాష్ట్రంల ఒక్కో తీరు. మన దేశంల ఆ పనికి మామూలుగ అనస్థీషియాల ఎండీ, డీఎన్‌బీ, డీఏ లాంటి పీజీ చదువు చేసిన డాక్టరే ఉండాలె. నర్సు మత్తు డాక్టర్ అయ్యే దారి ఇక్కడ లేనే లేదు.

టెక్నాలజీ కోర్సు గురించి అడిగినరు కదా. పేరుల అనస్థీషియా ఉన్నది కాబట్టి అదే దగ్గరి దారని అనిపిస్తది, చాలా మంది అక్కడనే మోసపోతున్నరు. టెక్నీషియన్ మిషన్ చెక్ చేస్తడు, ట్యూబులు, మందులు రెడీ పెడ్తడు, డాక్టర్ పక్కన నిలబడ్తడు. మంచి పనే, థియేటర్ల అవసరమున్న పనే, కానీ దాంతోని నర్సు లైసెన్స్ రాదు, అది లేకుండ సీఆర్ఎన్ఏ గేటు కూడా దాటరు. రెండు కోర్సులూ మన కాళోజీ యూనివర్సిటీ కిందనే ఉన్నయి, ఫీజులు అక్కడ చూసుకోవచ్చు, నేను అండ్లకు పోను.

ఎందుకంటే మీ ప్రశ్న అది కాదని నాకనిపించి మీ బిడ్డతోని ఫోన్ల మాట్లాడిన. పోయినేడు వాళ్ళ నానమ్మ ఐసీయూల ఉన్నప్పుడు చూసిన ముచ్చట చెప్పింది. వెంటిలేటర్ టీక్ టీక్‌మని మోగుతుంటే సిస్టర్ మిషన్ దిక్కు చూడలేదట, ముందు నానమ్మ ఛాతి దిక్కు చూసిందట, లేస్తున్నదా లేదా అని, తర్వాత ట్యూబ్ల కళ్ళె తీసి అప్పుడు అలారం ఆపిందట. "సార్, నాకు ఆమె లెక్క కావాలని ఉంది, కానీ నర్సు అంటే నాన్న ఒప్పుకోడు" అన్నది. మంచి నర్సు చేసే మొదటి పని అదే అన్నా, మిషన్ కన్నా ముందు మనిషిని చూసుడు. చూసినంతల అది పట్టుకున్నది మీ పిల్ల.

కొంచెం గట్టిగా మాట్లాడ్తా, కోపం చేసుకోకుండ్రి. మీకు కావాల్సింది అమెరికా కాదు, చుట్టాల ముందర నర్సు అని చెప్పకుండ తప్పించుకునేటందుకు ఒక పెద్ద పేరు. నీట్ పోయిందన్న నామోషీ మీది, మోస్తున్నది మాత్రం ఆ పిల్ల. రెండేళ్ళు రూముల కూసొని చదివిన బిడ్డకు "నువ్వు ఓడిపోయినవ్" అని ఇంకో వంకతోని చెప్తున్నరు. వరంగల్ ఎంజీఎం దవాఖానల రాత్రి రెండింటికి మీ అమ్మకు ఊపిరి అందకపోతే పక్కన నిలబడేది ఎవరు? నర్సే కదా. ఆ పేరు చెప్పుకునేటందుకు సిగ్గెందుకు?

నర్సింగ్‌ల చేర్పియ్యుండ్రి, బుగులు పడకుండ్రి, ఆ పిల్లకు దారులు చాలా ఉన్నయి. నాలుగేళ్ళ చదువు, ఆ తర్వాత రెండేళ్ళు పెద్ద హాస్పిటల్ ఐసీయూ. నర్సు ఉద్యోగాలకు ఎయిమ్స్ వాళ్ళ పరీక్ష నార్సెట్ ఉన్నది, మన రాష్ట్రం పోస్టులు పడ్తయి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్‌ది నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ అని రెండేళ్ళ పీజీ ఉన్నది, ఐసీయూ అంటే ఇష్టమున్న పిల్లకు అది సరిగ్గ సరిపోతది. బయటికి పోవాలంటే జర్మనీకి మన సర్కారు విదేశీ ఉద్యోగాల సంస్థ టామ్‌కామ్ భాష నేర్పించి పంపుతున్నది. ఇరవై ఆరేండ్లకు కూడా అమెరికా మీదనే మనసుంటే అప్పుడు అమెరికా నర్సు లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్ రాస్తది, దారి మూసుకపోదు.

కాలేజీ చూసేటప్పుడు బిల్డింగ్ చూడకుండ్రి, పిల్లలను ఏ హాస్పిటల్కు డ్యూటీకి పంపుతరో అడుగుండ్రి, ఆ హాస్పిటల్కు పోయి బెడ్లల్ల పేషెంట్లు ఉన్నరా లేదా కండ్లతోని చూడుండ్రి, థర్డ్ ఇయర్ పిల్లను ఒకామెను పక్కకు పిలిచి ఐసీయూల పని చేయనిస్తరా, ఉత్తగ నిలబెడ్తరా అడుగుండ్రి. కన్సల్టెన్సీకి టోకెన్ గిట్ల ఇచ్చి ఉంటే రేపు పొద్దున్నే పోయి వాపస్ తీసుకోండ్రి. పోయేటప్పుడు బిడ్డను కూడా వెంట తీస్కపోండ్రి.