స్విస్ వలసదారుల రాజకీయం: సటర్‌ని కాదు, న్యూ గ్లారస్‌ని చూడండి

"19వ శతాబ్దపు అమెరికాలో స్విస్ వలసదారులు స్థానిక రాజకీయాల్లో ఎలా నిలదొక్కుకున్నారు?" అన్న ప్రశ్నకి అందరూ జాన్ సటర్ పేరే చెబుతారు. కాలిఫోర్నియాలో బంగారం ఆయన రంపపు మిల్లు దగ్గర బయటపడింది కదా, అందుకని. నన్నడిగితే, ఎన్నికల్లో ఎలా ఓడిపోవాలో తెలుసుకోవడానికి తప్ప ఆయన కథ ఎందుకూ పనికిరాదు.

సటర్ 1834లో అప్పులవాళ్ళకి దొరక్కుండా స్విట్జర్లాండ్ వదిలాడు, 1839లో కాలిఫోర్నియా చేరాడు. అప్పటికది మెక్సికోది. మరుసటి ఏడాది ఆ దేశ పౌరుడయ్యాడు, 1841లో వేల ఎకరాల పట్టా పుచ్చుకున్నాడు. సాక్రమెంటో లోయలో తీర్పు చెప్పేదీ ఆయనే, నేరస్థుల్ని పట్టుకునేదీ ఆయనే. అధికారం గవర్నర్ ఇచ్చింది కాబట్టి ఎవరి గడపా తొక్కి ఓటు అడిగే పని పడలేదు. 1848లో మెక్సికోతో కుదిరిన ఒప్పందంతో నేల అమెరికాది కావడంతో పౌరసత్వమూ కోర్టు మెట్లెక్కకుండానే వచ్చిపడింది.

1849లో మాంటెరేలో రాష్ట్ర రాజ్యాంగం రాసిన 48 మందిలో ఆయనొకడు. అక్టోబర్ 13న సంతకాలవుతుంటే కోటలో ఫిరంగులు మోగాయి. చివరిది 31వది, 31వ రాష్ట్రం కాబోతున్న కాలిఫోర్నియా కోసం. సటర్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. సరిగ్గా నెలకి, నవంబర్ 13న, గవర్నర్ ఎన్నిక. పీటర్ బర్నెట్‌కి 6,783 ఓట్లు, రెండో స్థానంలో షెర్వుడ్‌కి 3,220, సటర్‌కి 2,201. గెలిచిన బర్నెట్ ఎవరనుకున్నారు? అంతకుముందు సటర్ కుటుంబం తరఫున సాక్రమెంటోలో ప్లాట్లు అమ్మిపెట్టినవాడే! ఆరెగాన్‌లో రాజకీయం చేసొచ్చిన మనిషి, ఊరూరా తిరిగి మాట్లాడాడు. ఓటర్లలో ఎక్కువమంది నిన్నగాక మొన్న బంగారం కోసం దిగినవాళ్ళు. వాళ్ళకి సటర్ పాతకాలపు భూస్వామి, అంతే.

అసలు పాఠం విస్కాన్సిన్ గ్రీన్ కౌంటీలో ఉంది. 1845లో స్విట్జర్లాండ్‌లోని గ్లారుస్ ప్రాంతంవాళ్ళు ఎకరా డాలరుం పావు చొప్పున 1,280 ఎకరాలు కొని, చీట్లు తీసి తలా 20 ఎకరాలు పంచుకుని న్యూ గ్లారస్ కట్టుకున్నారు. వీళ్ళకి సభ కొత్త కాదు. సొంత ప్రాంతంలో ఏటా మే నెలలో మైదానంలో చేరి చేతులెత్తి చట్టాలు చేసినవాళ్ళు. ఇక్కడ ఏప్రిల్ మొదటి మంగళవారం టౌన్ మీటింగ్, అంటే ఓటర్లంతా చేరి స్థానిక పదవులకి మనుషుల్ని ఎన్నుకునే సభ. ముగ్గురు సూపర్‌వైజర్లు, క్లర్కు, ట్రెజరర్, శిస్తు కోసం ఆస్తుల విలువ కట్టే అసెసర్, రోడ్డు ఓవర్సీర్లు. జీతం నామమాత్రం, కానీ ఎవరి వాకిట్లోంచి రోడ్డు వెళ్ళాలో, ఎవరి పొలానికి ఎంత శిస్తు వెయ్యాలో తేల్చేది వీళ్ళే. ఆ పదవులే మెట్లు. గ్లారుస్‌లో పుట్టి పిల్లవాడిగా వచ్చిన జాన్ లుక్సింగర్ 1870ల్లో రాష్ట్ర అసెంబ్లీలో కూర్చున్నాడు.

పౌరసత్వ కాగితాల పని రెండు విడతలు. ముందు ఏదైనా రికార్డు కోర్టులో (విచారణల రికార్డు భద్రపరిచే కోర్టు) "పౌరుణ్ణి అవ్వాలనుకుంటున్నాను" అని ప్రమాణం, దాన్నే మొదటి కాగితాలనేవారు. కనీసం రెండేళ్ళాగి, దేశంలో ఐదేళ్ళు నిండాక రెండోవి, వాటితోనే పూర్తి పౌరసత్వం. 1848 విస్కాన్సిన్ రాజ్యాంగం ప్రకారం మొదటి కాగితాలూ రాష్ట్రంలో ఏడాది నివాసమూ ఉంటే ఓటు ఖాయం, తెల్లజాతి మగవాడైతేనే లెండి. గ్రీన్ కార్డు వరుసలో జుట్టు నెరిసిపోతున్న మనవాళ్ళు ఇది చదివితే ఏడవాలో నవ్వాలో తెలీదు.

చిక్కు ఎక్కడొచ్చేదంటే, ఓటు ఎలాగూ ఉంది కదా అని రెండో కాగితాలు వాయిదా వేసేవాళ్ళకి. అలాంటివాడు మొదటి కాగితాలకి ఓటివ్వని రాష్ట్రానికి మారితే ఓటు పోయేది. 1862 చట్టం కింద హోమ్‌స్టెడ్ భూమికి (సాగు చేసుకుంటామన్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే నేల) దరఖాస్తు పెట్టుకోవడానికి మొదటివి చాలేవి గానీ, ఐదేళ్ళు సాగు చేశాక పట్టా చేతికి రావాలంటే పూర్తి పౌరుడై ఉండాల్సిందే.