షార్క్ ఫిన్ బిగించాక ఎఫ్‌ఎం గరగర: సమాధానం

కారు పైకప్పు మీది పాత రాడ్డు యాంటెన్నా తీసి, ఆ రంధ్రంలోనే షార్క్ ఫిన్ (సొరచేప రెక్క ఆకారపు పొట్టి యాంటెన్నా) బిగించాక, హనుమకొండ దాటగానే ఎఫ్‌ఎం గరగరలాడుతోందని అడిగారు. అంటే, ఫిన్‌లోని యాంప్లిఫయర్‌కు (సిగ్నల్‌ను పెంచే పరికరానికి) కరెంటు అందడం లేదనే అనుకోవాలి. ఎఫ్‌ఎంకు యాంటెన్నా పొడవు పావు తరంగదైర్ఘ్యం, అంటే 100 మెగాహెర్ట్జ్ వద్ద సుమారు 75 సెంటీమీటర్లు, ఉంటే మంచిది కనుక, అరచేతిలో పట్టే ఫిన్ ఆ లోటును యాంప్లిఫయర్‌తోనే పూడ్చుకుంటుంది.

1. స్టీరియో వెనుక సాధారణంగా నీలం రంగులో ఉండే పవర్ యాంటెన్నా తీగను (రేడియో వేయగానే యాంటెన్నాకు కరెంటు పంపేది) ఫిన్ విద్యుత్ తీగకు కలపండి. మామూలు రాడ్డుకు దానితో పని ఉండదు కాబట్టి, బిగించేవారు తరచూ టేపు చుట్టి వదిలేస్తారు. నీలం-తెలుపు చారల తీగ చాలా సెట్లలో స్పీకర్ల యాంప్లిఫయర్‌ది, పొరబడకండి.

2. రేడియో వేసి, ఆ తీగలు కలిపిన చోట మల్టీమీటర్‌తో (వోల్టేజీ కొలిచే పరికరం) 12 వోల్టులు వస్తున్నాయేమో చూడండి.

3. వస్తున్నా గరగర పోకపోతే, ఎర్త్ అందడానికి ఫిన్ బోల్టు పైకప్పు లోహానికి తగిలేలా లోపలివైపు రంగును కొద్దిగా గీకండి.