ముందు అద్దానికి ఏ తెర మేలు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: టెంపో ట్రావెలర్‌ని క్యారవాన్‌గా మార్పించుకున్నాం. వెనక గదికి పైకప్పు నిండా థర్మకోల్ వేయించినా మధ్యాహ్నానికి ముందు అద్దం వైపు నుంచి సెగ కొడుతోంది. బజార్లో అట్టలా మడిచేవి, వెండి రేకువి, బయట కప్పే జాలీవి, మామూలు పరదాలు కనిపిస్తున్నాయి. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: ఒక్కటే తీసుకోగలిగితే బయట కప్పేది కుట్టించుకోండి. అద్దం మీద పడకముందే ఎండను ఆపితే ఆ వేడిని బయటి గాలే పట్టుకుపోతుంది. అద్దం దాటాక ఆపితే ఎంతో కొంత బండిలో ఉండిపోతుంది.

లెక్క చూడండి. ఆకాశం తేటగా ఉన్న రోజు ఎండకు ఎదురుగా ఉన్న ప్రతి చదరపు మీటరు మీదా సుమారు 1000 వాట్లు పడతాయి. పెద్ద వ్యాన్ ముందు అద్దం దాదాపు 2 చదరపు మీటర్లు. ఎండ ఏటవాలుగా పడటం వల్ల తగ్గేదీ, అద్దం తిప్పికొట్టేదీ తీసేసినా ఒక కిలోవాటు దాకా లోపలికి వస్తుంది. 1 టన్ను ఏసీ లాగేసేది మొత్తం 3.5 కిలోవాట్లు. అంటే ఏసీ శక్తిలో పావు వంతుకు పైగా ఈ ఒక్క అద్దానికే ఖర్చయిపోతోంది. పైగా నల్లటి డ్యాష్‌బోర్డు ఆ ఎండను పీల్చి పరారుణ వేడిగా వదులుతుంది. ఎండను లోపలికి రానిచ్చిన గాజే ఈ వేడిని బయటికి పోనివ్వదు.

లోపల పెట్టే వెండి రేకు షీటు పనికిరాదని కాదు. అది వెలుగులో ఎక్కువ భాగాన్ని వెనక్కి కొడుతుంది. కానీ ఆ వెలుగు వచ్చేటప్పుడు ఒకసారి, పోయేటప్పుడు ఒకసారి అద్దం గుండా వెళ్తుంది కాబట్టి అద్దం రెండుసార్లూ వేడెక్కుతుంది. అద్దానికీ షీటుకీ మధ్య ఇరుక్కున్న గాలి కూడా కాగి, పై అంచు దగ్గర సందు దొరికితే గదిలోకి దిగుతుంది. కాబట్టి లోపలి షీటుకి మిగతా మూడు అంచులకన్నా పై అంచు బిగుతు ముఖ్యం.

ఇక అట్టది. చిన్న కారు అద్దానికి సరే. వ్యాన్ అద్దానికి వెడల్పు చాలదు, మన తీరం తేమకు మెత్తబడి నడుం వంగిపోతుంది. పరదాని అద్దానికి కట్టకండి, డ్రైవరు సీటు వెనక కట్టండి. పైకప్పు నుంచి నేల దాకా దళసరి గుడ్డ రెండు పొరలుగా వేలాడదీస్తే క్యాబిన్ కాగినా మంచం ఉన్న గదికి ఆ వేడి సగం కూడా చేరదు. అన్నిటికన్నా చవక పని ఇదే, జనం చివరికి వదిలేసేదీ ఇదే.

రెండు గంటలకు మించి ఆగితే బయటి కవరు, టిఫిన్‌కి ఆగితే లోపలి షీటు, రాత్రికి పరదా. ఇలా మూడింటినీ మార్చి మార్చి వాడుకోవచ్చు. ‘అన్ని బండ్లకీ సరిపోతుంది’ అని రాసి అమ్మేవి మాత్రం వద్దు. అవి కార్ల కొలతకు చేసినవి, మూలల్లో నాలుగేసి వేళ్ల సందు వదులుతాయి.

ప్రశ్న: లోపలి షీటు కొన్నాం. పొద్దున అంటించిన రబ్బరు కప్పులు పదకొండయ్యేసరికి ఊడి కింద పడుతున్నాయి. సొంతంగా చేసుకునే దారి ఏమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: కప్పు లోపల మిగిలిన కాస్త గాలి వేడికి వ్యాకోచిస్తుంది, కప్పు ప్లాస్టిక్ మెత్తబడుతుంది, పట్టు పోతుంది. అద్దం అంచున నల్లచుక్కల పట్టీ ఉంటుంది కదా, దాని మీద కప్పు అసలే నిలవదు. దుమ్ము ఉన్నా అంతే. కప్పులను గోరువెచ్చని నీళ్లలో కడిగి, అద్దం చల్లగా ఉన్నప్పుడు శుభ్రమైన చోట నొక్కితే కొంత మేలు. అయినా వాటి మీద ఆధారపడకుండా షీటే బిగిసి నిలబడేలా కోసుకోవడం ఉత్తమం.

రేకుల షెడ్ల కింద వేసే వెండి బుడగల షీటు హార్డ్‌వేర్ దుకాణాల్లో రోల్‌గా దొరుకుతుంది. సుమారు 4 అడుగుల వెడల్పు రోల్ అయితే ముందు అద్దానికీ రెండు ముందు తలుపుల అద్దాలకూ 4 మీటర్లు సరిపోతుంది. రెండు వైపులా మెరుపు ఉన్నదే తీసుకోండి. బయటి మెరుపు ఎండను కొడుతుంది, లోపలి మెరుపు షీటు తన వేడిని గదిలోకి విసరకుండా చూస్తుంది. ఒకవైపే మెరుపు ఉంటే ఆ వైపు అద్దానికి పెట్టాలి. మందం ఎక్కువైతే చల్లదనం రెట్టింపవుతుందనుకోకండి. ఇక్కడ పని చేసేది రేకు, బుడగలు ఆ రేకును బల్లపరుపుగా నిలబెడతాయి. మరీ మందమైతే మడతపడదు, చుట్టి పెట్టే చోటూ దొరకదు.

ముందు పాత దినపత్రికలు టేపుతో అతికించి పెద్ద కాగితం చేయండి. ఎండ ఎక్కకముందు లోపలి నుంచి అద్దానికి ఆనించి, వేలితో అంచు వెంట నొక్కుతూ మడత పడేలా గీత తీసుకోండి. ఆ గీతకు చుట్టూ 1 సెంటీమీటరు కలిపి షీటు కోయాలి. ఆ అదనమే పక్క స్తంభాలకు ఒత్తుకుని షీటును నిలబెడుతుంది. అయితే 2 సెంటీమీటర్లు కలిపితే మధ్యలో ఉబ్బి పైన సందు పడుతుంది. వెనక చూసే అద్దం దగ్గర గుండ్రంగా రంధ్రం చేయకండి, పై అంచు నుంచి నిలువుగా చీల్చండి. అప్పుడు రెండు రెక్కలూ దాని కాడ చుట్టూ మూసుకుంటాయి. కోసిన అంచులకు అంగుళం వెడల్పు గుడ్డ పట్టీ కుట్టించాలి. పట్టీ లేకపోతే బుడగల్లోంచి రేకు పొట్టు లేచి ఒక్క వేసవికే ఊడిపోతుంది. పెట్టేటప్పుడు కింది అంచు డ్యాష్‌బోర్డు మీద ఆనించి, పై అంచును రెండు సన్‌వైజర్లతో తొక్కిపట్టండి.

రేకు మీద దుమ్ము పట్టినా మెరుపు తగ్గి బూడిద రంగుకు దిగినా పని సగమైనట్టే. తడి మెత్తటి గుడ్డతో తుడవండి. గిన్నెలు తోమే పీచు తగిలితే పూత గీరుకుపోతుంది.

ఇంకొక మాట. షీటు పెట్టాక అద్దానికీ షీటుకీ మధ్య చోటు బాగా కాగుతుంది. డ్యాష్‌క్యామ్, పవర్ బ్యాంక్, లైటర్, స్ప్రే డబ్బా ఏదీ అక్కడ వదలకండి.

ప్రశ్న: బయటి కవరు శ్రీకాకుళంలో ఎవరు కుడతారు? ఏ గుడ్డ ఇవ్వాలి? ఒకసారి నీలం టార్పాలిన్ కట్టాం, ఆరు నెలలకే పొడిపొడి అయింది.
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: ఆటోలకు టాపులు కుట్టే చోటికి వెళ్లండి. దళసరి గుడ్డను తొక్కే మిషను, రింగులు కొట్టే పంచి వాళ్ల దగ్గరే ఉంటాయి. మామూలు దర్జీ మిషను ఈ గుడ్డకు సూదులు విరగ్గొట్టుకుంటుంది.

పల్చటి నీలం టార్పాలిన్ పొడి కావడానికి ఎండలోని అతినీలలోహిత కిరణాలు కారణం. దానికి బదులు ప్లాస్టిక్ పూత ఉన్న పాలిస్టర్ జాలీ గుడ్డ మేలు. లోపలి నుంచి బయటికి కనిపిస్తుంది, గాలి ఆడుతుంది, తడిసినా త్వరగా ఆరుతుంది. అది దొరక్కపోతే తెలుపు లేదా వెండి రంగు పూత ఉన్న దళసరి బరకం. దారం పాలిస్టర్‌దే వాడమని గట్టిగా చెప్పండి. నూలు దారం ఉప్పుగాలికీ ఎండకీ పుచ్చిపోయి, గుడ్డ బాగున్నా కుట్లు విడిపోతాయి. రింగులు ఇత్తడివి లేదా స్టెయిన్‌లెస్‌వి కావాలి. మామూలు ఇనుపవి తీరంలో ఒక్క వానాకాలానికే తుప్పు కారి, ఆ చారలు రంగు మీదికి దిగుతాయి.

ఒక తలుపు అద్దం వెనక అంచు దగ్గర మొదలై ముందు అద్దం మీదుగా రెండో తలుపు దాకా ఒకే పట్టీగా కుట్టించండి. తలుపు 0.8 మీటరు, ముందు అద్దం 1.9 మీటర్లు అనుకుంటే మూడూ కలిపి 3.5 మీటర్లు. రెండు కొసలా లోపలికి దూర్చే నాలుకలు 25 సెంటీమీటర్ల చొప్పున, అంచు మడతలు కలుపుకుంటే 4.5 మీటర్ల దాకా వస్తుంది. 5 అడుగుల వెడల్పు గుడ్డ 5 మీటర్లు కొనొచ్చు, అదీ మీ బండి కొలిచాకే. ఆ నాలుకలను తలుపు సందులోంచి లోపలికి వేసి తలుపు మూసి తాళం వేస్తే దొంగ లాగినా రాదు, గాలి లాగినా రాదు. సైడ్ మిర్రర్ల కోసం సంచిలా కుట్టకండి, చీలిక పెట్టి వెల్క్రో వేయించండి. వైపర్ చేతులు తగిలే చోట రెండో పొర అతుకు తప్పనిసరి, లేకపోతే మొదట చిరిగేది అక్కడే. అంచున అయస్కాంతాలు పెట్టమంటారు కొందరు. వాటిని గుడ్డ జేబులో పూర్తిగా మూసి కుడితేనే పెట్టించండి. ఒట్టివి పెట్టిస్తే రంగు గీసుకుపోతుంది.

కవరు వేసే ముందు అద్దం మీద నీళ్లు పోసి ఇసుక కడగాలి. గాలికి గుడ్డ కొట్టుకుంటున్నప్పుడు దాని కింద ఇసుక రేణువు ఉంటే గాజుని గరగరా గీసేస్తుంది. మే నెల సాయంత్రాల్లో ఈదురు గాలి లేచే సూచన కనిపిస్తే కవరు విప్పేయండి. తెరచాపలా గాలిని పట్టిందంటే ముందు వంగేవి మిర్రర్ కాడలు.

ప్రశ్న: కళింగపట్నం బీచ్‌కి వెళ్తే బండిని సముద్రానికి ఎదురుగా నిలుపుతాం. తొమ్మిదికే లోపల ఉండలేకపోతున్నాం. తెర ఉన్నా ఇంతేనా?
– ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: మన తీరంలో సముద్రం తూర్పు, ఆగ్నేయం వైపు ఉంటుంది. అందరూ ముక్కు సముద్రం వైపే పెడతారు, పొద్దుటి ఎండ సూటిగా లోపలికి వస్తుంది. మే నెలలో అయిదున్నర కాకముందే పొద్దు పొడుస్తుంది కాబట్టి తొమ్మిదికి మీ డ్యాష్‌బోర్డు మూడు గంటలకు పైగా కాగి ఉంటుంది. అరసవల్లిలో మార్చి, అక్టోబరు నెలల్లో ఉదయపు కిరణాలు గర్భాలయంలో స్వామి పాదాల దాకా వెళ్లడం తెలిసినవాళ్లకు వాలు ఎండ ఎంత లోతుకు దూరుతుందో వేరే చెప్పక్కర్లేదు.

శ్రీకాకుళం సుమారు 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల మే 13 ప్రాంతంలో ఒకసారి, జూలై ఆఖర్లో ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెంటి మధ్యా మధ్యాహ్న సూర్యుడు మనకు కొంచెం ఉత్తరంగానే ఉంటాడు. ఉదయించేదీ అస్తమించేదీ కూడా ఉత్తరానికి జరిగే. కాబట్టి మే నడిమి నుంచి జూలై ఆఖరు దాకా బండి ముక్కు దక్షిణానికి పెట్టండి. ముందు అద్దానికి పొద్దుటి ఎండా సాయంత్రపు ఎండా సూటిగా తగలదు, నడినెత్తి ఎండ పైకప్పు చూసుకుంటుంది. మన బండ్లకు ప్రయాణికుల తలుపు ఎడమవైపు ఉంటుంది గనుక అది సముద్రం వైపే తెరుచుకుంటుంది. తలుపు మీదికి ఒక బరకం చూరులా కట్టుకుంటే పొద్దుటి ఎండ సంగతీ తీరుతుంది. డిసెంబరులో ఇది తలకిందులు. మధ్యాహ్న సూర్యుడు దక్షిణాన 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, అప్పుడు ముక్కు ఉత్తరానికి.

ప్రశ్న: తడి గోనెసంచి అద్దం మీద పరిస్తే చల్లబడదా?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: నీడలో ఉన్న చల్లటి అద్దం మీద పొద్దున్నే పరిస్తే నష్టం లేదు, కాస్త మేలే. కాగిన అద్దం మీద చన్నీళ్లు పోయడం మాత్రం వద్దు. రాయి తగిలిన చిన్న మచ్చ ఉన్నా అక్కడి నుంచి పగులు పాకుతుంది. ఉక్కపోత రోజుల్లో తడి త్వరగా ఆరదు, ఆరకపోతే చల్లదనమూ ఉండదు. బోరు నీళ్లయితే ఉప్పు మరకలు అదనం.

ప్రశ్న: ఇదంతా ఎందుకు, నల్ల ఫిల్మ్ అంటిస్తే పోలేదా?
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: పోదు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 100వ నియమం ప్రకారం ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుగు వెళ్లాలి. నల్ల ఫిల్మ్‌ల మీద సుప్రీంకోర్టు 2012లో గట్టి ఆదేశం ఇచ్చింది. ఆగినప్పుడు వేసి కదిలే ముందు తీసే తెరకు ఈ తంటా లేదు. నడిపేటప్పుడు మాత్రం ముందు తలుపుల అద్దాలకు కూడా జాలీ ఉంచకండి, మిర్రర్ కనపడదు.

ప్రశ్న: టెంపరేచర్ గన్‌తో చూస్తే వెండి షీటు 34 డిగ్రీలే చూపిస్తోంది. చెయ్యి పెడితే కాలుతోంది. గన్ పాడైందా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: గన్ బాగానే ఉంది. మెరిసే రేకు తన వేడిని సరిగా వెలువరించదు, ఎదురుగా ఉన్న వస్తువుల వేడిని అద్దంలా చూపిస్తుంది. గన్ ఆ ప్రతిబింబాన్ని చదివి తక్కువ చెబుతుంది. రేకు మీద రెండంగుళాల నల్ల టేపు అంటించి, పది నిమిషాలు ఆగి టేపు మీద గురిపెట్టండి. రెండు తెరలను పోల్చాలంటే డ్యాష్‌బోర్డు పైభాగం, డ్రైవరు సీటు వీపు కొలవండి. ఒకే దిక్కున, ఒకే వేళ కొలవాలి.

ప్రశ్న: తెరలు, పరదా, దిక్కు అన్నీ చూసుకున్నాం. అయినా మధ్యాహ్నం పడుకుంటే ఉక్క పోతోంది.
– ఒక పాఠకురాలు, గజపతినగరం

జవాబు: తెర అదనపు వేడిని ఆపుతుందే గాని బయట 36 ఉంటే లోపల 30 చేయలేదు. ఆ తర్వాత గాలి కదలాలి. పైకప్పులో 12 వోల్టుల ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించి, అది గాలిని బయటికి తోసేలా తిప్పండి. నీడ ఉన్న వైపు కిటికీ ఒకటి, వీలైనంత కిందిది, నాలుగు వేళ్లు తెరవండి. అన్ని కిటికీలూ తీస్తే ఫ్యాను పక్కనున్న కిటికీ గాలినే లాగి, మంచం దగ్గర గాలి కదలదు. 3 ఆంపియర్లు తాగే ఫ్యాను పది గంటలు తిరిగితే 30 ఆంపియర్ అవర్లు. 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి కాబట్టి ఫ్రిజ్ కూడా ఉంటే సోలార్ ప్యానెల్ లేకుండా రెండో రోజుకి రాదు.

బండి లోపల గ్యాస్ పొయ్యి వెలిగిస్తే ఎండ ఎంత ఉన్నా ఆ కిటికీ మూయకండి, ఫ్యాను ఆపకండి.