జొన్న మేత నమిలాకే ఎందుకు విషమవుతుంది?

సందేహం: మాది మహబూబ్‌నగర్ జిల్లా. పశువుల మేతకని ఎకరంలో జొన్న చల్లాను. మోకాలెత్తు వచ్చాక ఇరవై రోజులు వాన లేక వాడిపోయింది. మొన్న ఒక జల్లు పడి చిగురు లేచింది. అంతలో రెండు గేదెలు పలుపు తెంచుకుని చేలో పడ్డాయి. గంటలోపే ఒకటి చనిపోయింది. రెండోది డాక్టరు ఇంజక్షన్‌తో బతికింది. పోయినేడు ఇదే జొన్నను ఎండబెట్టి వేస్తే ఏమీ కాలేదు. చేనికి పురుగుమందు కొట్టలేదు. ఎవరైనా విషం పెట్టారా? మిగతా మేతను చాఫ్ కట్టర్‌లో కొట్టి వేయొచ్చా?

సలహా: ఎవరినీ అనుమానించకండి. ఊళ్లలో నాము అనేది దీన్నే. చంపింది సైనైడ్. అయితే అది ఆకులో తయారుగా లేదు, ఉంటే ముందు జొన్నే చచ్చేది. లేత ఆకు పైపొర కణాల్లో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైమ్ లోపలి కణాల్లో, వేరే గదిలో ఉంటుంది. గేదె నమిలితే గోడలు పగిలి రెండూ కలుస్తాయి, ధురిన్ విడిపోయి సైనైడ్ బయటపడుతుంది.

ఎంజైమ్‌ను కొడవలి అనుకోండి. ఎన్ని మొక్కలు కోసినా కొడవలి తరగదు. ఎంజైమ్ కూడా అంతే, ఒక ధురిన్‌ను కోసి వదిలి మరోదాన్ని పట్టుకుంటుంది, అందుకే కొంచెం చాలు. కాకపోతే ఈ కొడవలి అన్నిటినీ కోయదు, తన గుంతలో సరిగ్గా ఇమిడినదాన్నే కోస్తుంది. 1894లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్ తాళం, తాళంచెవి పోలిక చెప్పింది బాదంలోని ఇలాంటి ఎంజైమ్‌ను పరీక్షిస్తూనే. పైగా గేదె పొట్ట వెచ్చగా, తడిగా ఉంటుంది. అందులోని సూక్ష్మజీవులూ ఇదే పని చేస్తాయి. పంది పొట్టలో ఆమ్లం ఈ ఎంజైమ్‌ను మొద్దుబారుస్తుంది కాబట్టి దానికి ప్రమాదం తక్కువ.

బయటపడ్డ సైనైడ్ వెళ్లి పడేది కూడా ఒక ఎంజైమ్ మీదే. కణాలు ఆక్సిజన్‌ను వాడుకునేది దానితోనే. అది ఆగిపోతే రక్తంలో ఆక్సిజన్ ఉన్నా కణం వాడుకోలేదు. మీ గేదె ఎగశ్వాసతో కొట్టుకుంటున్నప్పుడు కూడా దాని రక్తం ఎర్రగా మెరుస్తూనే ఉండి ఉంటుంది. రెండో గేదెకు ఇచ్చింది సోడియం థయోసల్ఫేట్ అయి ఉండాలి. కాలేయంలో సైనైడ్‌ను విరిచే ఎంజైమ్ ఉంది, దానికి కావలసిన గంధకం ఆ మందు అందిస్తుంది. విరిగిన విషం మూత్రంలో పోతుంది.

ఇక మిగతా చేను. పచ్చిగా కోసి కట్టర్‌లో కొట్టి వెంటనే వేయడం మాత్రం వద్దు, నమలడం చేసే పనే కట్టర్ కూడా చేస్తుంది. సైనైడ్ 26 డిగ్రీల దగ్గరే ఆవిరయ్యే రకం. అందుకే బాగా ఎండిన చొప్పలో చాలావరకు పోతుంది. సగం వాడినదాన్ని నమ్మకండి. పచ్చిగానే వేయాలంటే సగం చేను పూతకొచ్చేదాకా ఆగండి, అప్పుడు కూడా ముందు వరిగడ్డి పెట్టి ఆకలి తీర్చాకే వేయండి. ఈ చేనికి ఇప్పుడు యూరియా చల్లితే విషం పెరుగుతుంది. కోత తర్వాత మోళ్ల నుంచి వచ్చే పిలకలూ ఇంతే ప్రమాదం.

మళ్లీ ఏ పశువైనా నురగ కక్కుతూ తూలితే బెల్లం నీళ్లు గొంతులో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వెంటనే పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేసి, జొన్న చేలో మేసిందని ముందే చెప్పండి.