మద్దతు ఇవ్వదా, నడవదా?

సందేహం: నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) చూపించే సందేశాలను తెలుగులో రాస్తున్నాను. కార్డులో లేని సెట్టింగ్ ఎవరైనా పెడితే 'ఈ అమరికకు హార్డ్‌వేర్ చేత మద్దతు ఇవ్వబడదు' అని హెచ్చరిక పెట్టాను. మా టీమ్‌లో ఒకాయన 'ఈ సెట్టింగ్ పనిచేయడం లేదు' అంటే చాలంటున్నాడు. ఏది సరైనది? – ఒక పాఠకుడు, హన్మకొండ

సమాధానం: రెండూ వద్దండీ.

మద్దతు మనకు ఉర్దూ 'మదద్' నుంచి వచ్చిన మాట, సాయం అని అర్థం. ఎప్పుడో మనదైపోయింది, దానితో నాకు పేచీ లేదు. కానీ మద్దతు ఇచ్చేది మనుషులు, పార్టీలు, ప్రభుత్వాలు. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చిన రైతు మద్దతు ధర అడుగుతాడు, అక్కడ ఆ మాట నిండుగా ఉంటుంది. కార్డు మద్దతు ఇవ్వడమేమిటి? పైగా 'చేత', 'ఇవ్వబడదు' కలిసి వాక్యాన్ని మరీ బరువు చేశాయి.

మోటర్ వైండింగ్ షాపులో కాసేపు నిలబడండి. 'ఇది త్రీ ఫేజ్ మోటర్, సింగిల్ ఫేజ్ మీద నడవదు' అంటాడు మెకానిక్. మీ డ్రైవర్ చెప్పాల్సింది కూడా అచ్చంగా ఇదే కదా! అదే మోటర్ కాలిపోతే 'నడుస్తలేదు' అంటాడు. నడవదు అంటే దాని తత్వమే అంత, నడుస్తలేదు అంటే నిన్నటిదాకా నడిచింది, ఇవాళ ఏదో చెడింది. ఈ తేడా పుస్తకం పట్టని రైతుకు కూడా నోటిమీదే ఉంటుంది. మీ మిత్రుడి 'పనిచేయడం లేదు' చదివినవాళ్లు కార్డు పాడైందనుకుని టెన్షన్ పడి, కొత్తది కొనడానికి బయలుదేరినా ఆశ్చర్యం లేదు.

ఇంకో సంగతి, నా దృష్టిలో ఇదే ముఖ్యం. లైనక్స్‌లో ఈథ్‌టూల్ అనే కమాండ్‌తో కార్డు సెట్టింగ్ మార్చబోతే వచ్చే 'ఆపరేషన్ నాట్ సపోర్టెడ్' అనే జవాబు, కార్డుకు ఆ శక్తి లేకపోయినా రావచ్చు, కార్డుకు ఉండి డ్రైవర్‌లో ఆ పని రాయకపోయినా రావచ్చు. తెలుగులో రెండిటికీ ఒకే మాట వాడకండి. మొదటిదానికి 'ఈ కార్డులో ఈ సౌకర్యం లేదు', రెండోదానికి 'ఈ డ్రైవర్‌తో కుదరదు'.

'హెచ్చరిక' అన్న శీర్షిక కూడా చూసి పెట్టండి. అడిగింది ఒప్పుకుంటూనే ముందు ఇబ్బంది రావచ్చని చెబితే అది హెచ్చరిక. అసలు ఒప్పుకోకపోతే అది నిరాకరణ, అలాంటప్పుడు ప్రస్తుతం ఏ సెట్టింగ్ ఉందో కూడా చెప్పాలి. ఈథర్‌నెట్‌లో ఎంటీయూ, అంటే ఒక్క విడతలో పోయే ప్యాకెట్ గరిష్ఠ సైజు, మామూలుగా 1500 బైట్లు. జంబో ఫ్రేమ్‌లు, అంటే అంతకంటే పెద్దవి, పంపలేని కార్డుకు ఎవరైనా 9000 పెడితే ఇలా రాయండి: 'ఈ కార్డు 9000 ఎంటీయూ తీసుకోదు. పాత 1500 అలాగే ఉంది.'

'అమరిక' బదులు సెట్టింగ్ అనే రాయండి. మీ సందేశం చదివేవాళ్లు ఫోన్‌లో రోజూ అనే మాట అదే.