వయొలిన్ నేర్చుకుంటున్న అమ్మాయికి యూరోవిజన్ యువ సంగీతకారుల పోటీ లక్ష్యం కావచ్చా?

ప్రశ్న: మేము ఎనిమిదేళ్లుగా జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఉంటున్నాము. మా అమ్మాయికి 14 ఏళ్లు. ఆరేళ్ల వయసు నుంచి పాశ్చాత్య శాస్త్రీయ పద్ధతిలో వయొలిన్ నేర్చుకుంటోంది, వారాంతాల్లో వీడియో కాల్‌లో విజయవాడలోని గురువుగారి దగ్గర కర్ణాటక పాఠం కూడా ఉంటుంది. యూరోవిజన్ యంగ్ మ్యూజిషియన్స్ పోటీని టీవీలో చూసినప్పటి నుంచి అందులో పాల్గొనాలని పట్టుపట్టి కూర్చుంది. మావి భారతీయ పాస్‌పోర్టులు. ఆమెకు అర్హత ఉంటుందా? దీనికోసం చదువు తగ్గించి, కర్ణాటక పాఠం మానిపించమంటారా? గెలిస్తే జీవితం స్థిరపడినట్టేనా?

జవాబు: అమ్మా, ముందుగా ఈ పోటీలోకి ప్రవేశం ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే మీ మిగిలిన సందేహాలలో సగం దానితోనే తీరతాయి. యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ 1982లో మాంచెస్టర్‌లో ఆరు దేశాలతో మొదలుపెట్టిన ఈ పోటీ సాధారణంగా రెండేళ్లకొకసారి జరుగుతుంది, ఇటీవలి పోటీలకు వయోపరిమితి 12 నుంచి 21 ఏళ్లు. దీనికి ఎవరికి వారు దరఖాస్తు పెట్టుకునే పద్ధతి లేదు. ఒక్కో దేశం నుంచి ఒక్కరే వెళతారు, ఆ ఒక్కరినీ ఆ దేశపు ప్రభుత్వ ప్రసార సంస్థే ఎంపిక చేస్తుంది. జర్మనీలో ఇటీవలి కాలంలో ఆ బాధ్యతను కొలోన్‌లోని డబ్ల్యూడీఆర్ చూస్తూ వచ్చింది. అంటే మీ అమ్మాయి వాళ్ల తలుపు తట్టడం కాదు, ఆమె పేరు వాళ్ల చెవిన పడాలి.

పాస్‌పోర్టు విషయంలో ఇప్పుడే దిగులు పడవద్దు. 2014లో కొలోన్ కేథడ్రల్ పక్కన ఆరుబయట జరిగిన పోటీలో ఆస్ట్రియా తరఫున గెలిచిన జియు హె చైనాలో పుట్టి, ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో మోట్సార్టెయుమ్ సంగీత విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న కుర్రవాడు. 2002లో అదే ఆస్ట్రియాకు విజయం తెచ్చిన దాలిబోర్ కార్వాయ్ స్లొవేకియాకు చెందినవాడు. పుట్టిన దేశం కాక చదువుకుంటున్న దేశం తరఫున వాయించిన సందర్భాలు ఉన్నాయన్నమాట. అయినా ఆ ఏటి నిబంధనలను డబ్ల్యూడీఆర్‌కు రాసి నిర్ధారించుకోవడం మంచిది.

జర్మనీలో పిల్లల పేర్లు వెలుగులోకి వచ్చే ముఖ్యమైన దారి యుగెండ్ మూజిత్సీర్ట్ అనే జాతీయ పోటీ. ప్రాంతీయ, రాష్ట్ర, జాతీయ అంచెలుగా సాగే ఈ పోటీకి నవంబరు మధ్యలోగా పేరు నమోదు చేసుకోవాలి. ప్రతి అంచెలోనూ 25కు ఇన్ని పాయింట్లని ఇస్తారు, మంచి పాయింట్లు వచ్చినవారిని పై అంచెకు పంపుతారు. సోలో వయొలిన్ విభాగం ఏటా ఉండదు, మూడేళ్లకొకసారి వస్తుంది. నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులలో చాలామంది ఇది తెలియక ఒక ఏడాది పోగొట్టుకుంటారు. సోలో లేని ఏడాది ఊరుకోకుండా ఛాంబర్ సంగీత విభాగంలో ఇద్దరు ముగ్గురు పిల్లలతో కలిసి వాయించనివ్వండి. పక్కవాళ్లు ఊపిరి పీల్చడం విని కమాను ఎత్తడం ఒంటరి సాధనలో అబ్బే విద్య కాదు.

ఇక గెలిస్తే జీవితం స్థిరపడుతుందా అన్న మీ ప్రశ్న. 1996లో లిస్బన్‌లో జర్మనీ తరఫున గెలిచిన యూలియా ఫిషర్ పేరు చాలామంది చెబుతారు. ఆమె 23 ఏళ్లకే, 2006లో, మీ పక్కనే ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్ సంగీత విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు. కానీ ఆ పోటీకి ముందే ఆమె మరో అంతర్జాతీయ పోటీలో గెలిచి ఉన్నారు, కాబట్టి టీవీలో కనిపించిన ఒక్క సాయంత్రానికే ఆ ఘనతంతా కట్టబెట్టడం సరికాదు. 2008లో క్లారినెట్‌తో గెలిచిన గ్రీస్ యువకుడు డియోనిసిస్ గ్రామెనోస్ తర్వాత ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్‌గా మారి, తన దేశంలో యువ సింఫనీ ఆర్కెస్ట్రాను స్థాపించాడు. పైన చెప్పిన కార్వాయ్ వియన్నా సింఫనీ ఆర్కెస్ట్రాలో కాన్సర్ట్‌మాస్టర్, అంటే వయొలిన్ బృందానికి పెద్ద, అయ్యాడు. నా దృష్టిలో మీ అమ్మాయి గమనించవలసింది ఈ మూడో దారినే.

ఎందుకంటే జర్మనీలో ప్రజాధనంతో నడిచే ఆర్కెస్ట్రాలు దాదాపు 130 ఉన్నాయి. జీతం, సెలవు, పింఛను ఉన్న వయొలిన్ ఉద్యోగం దొరికేది అక్కడే. ఆ ఉద్యోగానికి జరిగే ఆడిషన్ టీవీ పోటీకి పూర్తిగా తలకిందులు. మొదటి అంచెలో సాధారణంగా అభ్యర్థికి, వినేవారికి మధ్య తెర కడతారు. పేరు ఉండదు, ఒక సంఖ్య మాత్రమే ఉంటుంది. వయొలిన్‌వారిని మొదట అడిగేది ఎక్కువగా మోట్సార్ట్ కాన్సెర్టోల (ఆర్కెస్ట్రాతో కలిసి సోలో వాయించే రచనల) మొదటి భాగమే. జి మేజర్, డి మేజర్, ఎ మేజర్, ఈ మూడింటిలో ఒకటి. 2018లో ఎడిన్‌బర్గ్‌లో 16 ఏళ్ల రష్యన్ పియానో కళాకారుడు ఇవాన్ బెస్సోనోవ్ చైకోవ్‌స్కీ మొదటి కాన్సెర్టో చివరి భాగంతో గెలిచినట్టు ఉరుముల మీద దాటిపోయే సంగీతం కాదు మోట్సార్ట్. తీగ మీద వేలు వెంట్రుకవాసి జరిగినా, కమాను తిప్పినప్పుడు చిన్న గీర వినిపించినా తెర అవతల కూర్చున్నవాళ్లు కాగితం మీద గుర్తు పెట్టుకుంటారు. అక్కడ నెగ్గినా నేరుగా శాశ్వత ఉద్యోగం రాదు, ప్రొబేషన్ కాలం గడవాలి.

అందువల్ల టీవీ పోటీ వస్తే కాదనకండి, పెద్ద ఆర్కెస్ట్రా ముందు నిలబడి వాయించే అవకాశం ఆ వయసులో మరోలా దొరకదు. కానీ ఇంటి దినచర్యను దాని చుట్టూ అల్లవద్దు.

చదువు తగ్గించవద్దు. సంగీత విశ్వవిద్యాలయాలు ప్రతిభ గల పిల్లల కోసం బడి చదువు సాగుతుండగానే యుంగ్‌స్టూడియుం పేరుతో ప్రవేశాలు ఇస్తాయి, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనూ అటువంటి విభాగం ఉంది. మీ ఊరిలోనే అకాడమీ ఫ్యూర్ టోన్‌కున్స్ట్ అనే సంగీత విద్యాసంస్థ ఉండగా రైలెక్కే ముందు అక్కడి అధ్యాపకులకు ఒకసారి వినిపించండి. కళా డిగ్రీకి కొన్ని చోట్ల ఆబిటూర్ (బడి చదువు చివరి పరీక్ష) లేకుండానే చేర్చుకుంటారన్నది నిజమే, అయినా అది చేతిలో ఉంటే 18 ఏళ్లకు మనసు మారినా, భుజం నొప్పి పట్టి సాధన ఆగినా మరో చదువుకు దారి మూసుకుపోదు. భుజం నొప్పి మాట ఊరికే అనలేదు. రోజుకు ఆరు గంటల సాధన మొదలుపెట్టించి, మూడో నెలలో ఫిజియోథెరపీకి తిప్పిన కుటుంబాలను చూశాను. ఈ వయసుకు రెండున్నర, మూడు గంటలు, మధ్యలో విరామాలతో, చాలు.

కర్ణాటక పాఠం మానిపించమని నేను చెప్పను. అక్కడ నేల మీద కూర్చుని, వయొలిన్ తలను చీలమండ దగ్గర ఆనించుకుని వాయించడం వల్ల ఎడమచెయ్యి తీగ మీద స్వేచ్ఛగా జారుతుంది, గమకమంతా ఆ జారుడులోనే ఉంది. ఇక్కడ పాశ్చాత్య పద్ధతిలో నిలబడి గడ్డం కింద పట్టుకుని, వేలును ఒకచోట నిలిపి వైబ్రాటో, అంటే స్వరానికి సన్నని కంపనం, ఇవ్వాలి. తీగల శ్రుతి కూడా వేరు: అక్కడ సా పా సా పా, ఇక్కడ జి డి ఎ ఇ. వీలైతే రెంటికీ వేర్వేరు వాయిద్యాలు ఉంచండి, ఒకే దాని శ్రుతి మాటిమాటికీ మార్చితే తీగలు నిలవవు, చెవి కూడా తికమక పడుతుంది. పోటీకి ముందు రెండు నెలలు కర్ణాటక పాఠాన్ని గాత్రంగా మార్చమని విజయవాడ గురువుగారిని అడిగి చూడండి. స్వరజ్ఞానం నిలుస్తుంది, చేతి అలవాటు చెదరదు. ఈ విషయం జర్మన్ టీచరుకూ దాచకుండా చెప్పి, మూడు మోట్సార్ట్ కాన్సెర్టోలలో దేనితో మొదలుపెట్టాలో ఆవిడనే నిర్ణయించమనండి.