బట్టల కొట్టు కథ రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. అమెరికాలోని ఆల్ఫరెటాలో ఉద్యోగం చేసుకుంటూ, శని ఆదివారాల్లో పక్కనున్న అట్లాంటా పాత సంగతులు తవ్వి, ‘రిచ్స్’ కొట్టు పెట్టిన మారిస్ రిచ్ గురించి తెలుగులో రాయాలనుకోవడం నాకు ముచ్చటేసింది. కాని మొదటి పేజీలోనే అతన్ని గెలిపించేశావు. “పట్టుదల ఉంటే సాధించలేనిది లేదు” అన్న వాక్యం కొట్టెయ్. అది చదివాక ఇక చదివేవాడికి టెన్షన్ ఏముంటుంది?

మా నాన్న చీరాలలో ఒక బట్టల కొట్లో గుమాస్తా. బడి వదిలాక నేను తానుల మధ్య కూర్చునేవాణ్ణి. కొట్లో గుడ్డ కంటే అరువే ఎక్కువ అమ్ముడుపోతుందని నాకు అక్కడే తెలిసింది. యజమాని ఎవరికి కుర్చీ వేయించి గుడ్డ తానులు విప్పించేవాడో, ఎవర్ని నిలబెట్టే మాట్లాడి పంపేవాడో చూస్తే చాలు, ఊరి లెక్కలన్నీ అర్థమయ్యేవి. నీ మారిస్‌ను కూడా ఆ గల్లాపెట్టె పక్కనుంచే చూడు.

1867తో మొదలుపెట్టు. మూడేళ్ల కిందట అమెరికా అంతర్యుద్ధంలో తగలబడిన ఊరు. వైట్‌హాల్ స్ట్రీట్‌లో చిన్న కొట్టు. ఇరవై ఏళ్ల యూదు కుర్రాడు, పుట్టింది అప్పటి హంగేరీలోని కషావులో (ఇప్పుడది స్లొవేకియాలోని కొషిత్సె). ఇంటిపేరు రైష్ కాస్తా అమెరికాలో రిచ్ అయింది. చేతిలో తోడబుట్టిన విలియం దగ్గర అప్పు తెచ్చిన 500 డాలర్లు. ఈ అప్పును నువ్వు ఒక్క లైన్లో దాటేశావు. అసలు సీను అదే కదమ్మా! ఆ రోజుల్లో వలస వచ్చిన యూదు కుర్రాళ్లు చాలామంది భుజాన మూటతోనే వ్యాపారం మొదలుపెట్టారు. అప్పటికే కొట్టు పెట్టుకున్న బంధువో, ఊరివాడో సరుకు అరువిచ్చేవాడు. అడిగేటప్పుడు గొంతు ఎలా ఉంటుంది? ఇచ్చేవాడు ఏమీ మాట్లాడకుండా ఎంతసేపు కూర్చుంటాడు? అది రాయి.

డబ్బుల్లేని రైతులు కోళ్లు, గుడ్లు, మొక్కజొన్న ఇచ్చి గుడ్డ పట్టుకెళ్లేవాళ్లు. నువ్వు దీన్ని దయ అన్నావు. నాకైతే బేరం కనిపిస్తోంది. ఒక కోడికి ఎన్ని గజాలు? కోడి బక్కచిక్కి ఉంటే?

ఇంకోటి. శనివారం యూదులకు పని చేయకూడని రోజు. దక్షిణాది రైతు బండి కట్టుకుని ఊళ్లోకి వచ్చేది సరిగ్గా ఆ రోజే. అక్కడి యూదు వర్తకుల ఇళ్లల్లో ఇది పెద్ద పేచీ. చాలామంది కొట్టు తెరిచారు. మారిస్ ఏం చేశాడో ఆధారం దొరక్కపోతే అతని నెత్తిన ఏదీ రుద్దకు. పక్కకొట్లో ఒక కల్పిత వర్తకుణ్ణి పెట్టి, అతని చేత తాళం తీయించు. అసలు మనిషి పేరు వాడుకున్నప్పుడు ఆ మాత్రం మర్యాద ఉండాలి.

1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో నగరం టీచర్లకు జీతం ఇవ్వలేక చీటీలిస్తే, గుడ్డ కొనాలన్న షరతు లేకుండా వాటికి పూర్తి నగదు ఇచ్చింది ఆ కొట్టు. ఇది నువ్వు బాగా రాశావు, అలాగే ఉంచు. కాని 1960 అక్టోబరు 19 ఎక్కడ? విద్యార్థులతో కలిసి మార్టిన్ లూథర్ కింగ్ అరెస్టయింది ఆ కొట్లోనే. నల్లవాళ్లు అక్కడ సరుకు కొనచ్చు, తెల్లవాళ్ల పక్కన కూర్చుని తినకూడదు. అప్పుడు నడుపుతున్నది మారిస్ మనవడు, కూతురి కొడుకు. పుట్టినప్పటి ఇంటిపేరు రోజెన్‌హైమ్ వదిలేసి తాత పేరు పెట్టుకున్నవాడు. ఆ ఊళ్లోనే ఉద్యోగం చేసిన లియో ఫ్రాంక్ అనే యూదుణ్ణి 1915లో జైలునుంచి ఎత్తుకెళ్లి, ఊరికి దగ్గర్లోని మారియెటాలో ఉరితీశారు. 1958లో అట్లాంటాలోనే యూదుల ప్రార్థనామందిరంలో బాంబు పేలింది. ఇన్ని తెలిసిన కుటుంబం కూడా ఆ కుర్చీ వేయడానికి వెనకాడింది. అతన్ని వెనకేసుకు రాకు, తిట్టకు కూడా. మారిస్ మీద నీకు ప్రేమ పుట్టింది, అందుకే ఈ పేజీ వదిలేశావు. నాకూ ఒకటి రెండుసార్లు అలాగే అయింది, ఆ కథలు ఇప్పుడు చదవలేను.

మొదటి అధ్యాయం మళ్లీ రాసి పంపు. వీధి బురదలో ఆడవాళ్ల గౌన్లు పాడవకుండా కొట్టు ముందు చెక్కపలకలు పరిపించాడని చెప్తారుగా, ఆ పలకల మీద నడిచి వచ్చేవాళ్లలో ఒకావిడ చంకలో కోడి ఉండాలి. అది అరవాలి కూడా.